ముప్పై ఏళ్ళ తర్వాత గిటార్ పట్టుకున్నా, బొటనవేలు పట్టుకోనివ్వడం లేదు

పాతతీగ (సత్యనారాయణపురం, విజయవాడ)
జనవరి 24, రాత్రి 9.42

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీరు రాసేవి చదువుతున్నాను గానీ నేను రాయడం ఇదే మొదలు. నాకు 57. 1988 నుంచి 1994 దాకా బెజవాడలో ఒక ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్ వాయించాను. చవితి పందిళ్ళు, దసరా, పెళ్ళిళ్ళు. రాత్రి పదింటికి స్టేజి ఎక్కితే తెల్లవారుజామున మూడింటికి దిగేవాళ్ళం. పొద్దున్నే మళ్ళీ ఆటోనగర్‌లో డ్యూటీ. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, గిటార్ అటకెక్కింది.

మొన్న పండక్కి ఇల్లు దులుపుతుంటే మా ఆవిడ దాన్ని కిందకి దించి, "వాయిస్తారా, భోగిమంటలో వేయమంటారా" అంది. వాయిస్తానన్నాను. కొత్త తీగలు వేసి, పది రోజులుగా రోజూ రెండేసి గంటలు కూర్చుంటున్నాను.

వేళ్ళ కొసలు మండుతున్నాయి. అది పాత చుట్టమే, దాని సంగతి నాకు తెలుసు. కొత్తగా వచ్చింది వేరే ఉంది. ఎడమ బొటనవేలి మొదట్లో, మణికట్టుకి కాస్త పైన, లోపల ఎవరో సూది పెట్టి కెలుకుతున్నట్టు నొప్పి. ఎఫ్ బార్ కార్డు (చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా నొక్కిపెట్టి, కొన్ని స్వరాలు కలిపి పలికించే పట్టు) పట్టుకుంటే కళ్ళ వెంట నీళ్ళు వస్తున్నాయి. నిన్న పచ్చడి సీసా మూత తిప్పలేక మా అబ్బాయిని పిలిచాను. చేతులకి వయసైపోయిందా, నేనేమైనా తప్పు చేస్తున్నానా? మానేయమంటే మానేస్తాను. కానీ పది రోజులకే మానేయడానికా ముప్పై ఏళ్ళు ఆగింది అనిపిస్తోంది.

కుర్రగిటార్ (కానూరు)
జనవరి 24, రాత్రి 10.05

అంకుల్, వెల్‌కమ్ బ్యాక్! ఆపొద్దు ప్లీజ్. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ సంగతి తెలుసుగా? 1928లో ఉంటున్న బండికి నిప్పంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ దెబ్బతింటే, మిగిలిన రెండు వేళ్ళతోనే సోలోలు వాయించాడు. రాక్ గిటారిస్టు టోనీ అయోమీకి ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మరీ వాయించాడు. మీకు పదివేళ్ళూ ఉన్నాయి. నొప్పిని పట్టించుకోకుండా దంచెయ్యండి, నెలలో అలవాటైపోతుంది.

క్వయర్అన్న (గుణదల)
జనవరి 24, రాత్రి 10.31

తమ్ముడు చెప్పింది కరెక్ట్. నాకు 44, ఇరవై ఏళ్ళుగా చర్చిలో వాయిస్తున్నాను. నొప్పి రాకపోతే అది ప్రాక్టీసే కాదు. కొంచెం బామ్ రాసి, క్రేప్ బ్యాండేజి చుట్టి కూర్చోండి. వచ్చే నెల మేరీమాత ఉత్సవాలకి మూడు రోజులు వాయించాలి, నేనిప్పుడు రోజుకి మూడు గంటలు చేస్తున్నాను.

రిపేరుమావయ్య (వన్ టౌన్)
జనవరి 25, ఉదయం 6.50

చెయ్యి సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు. ముందు గిటార్ సంగతి చెప్పండి. ముప్పై ఏళ్ళు అటక మీద అంటే బెజవాడ ఎండాకాలాలు ముప్పై చూసింది కదా అది. పిల్లల స్కేలు తీసుకుని, పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఫ్రెట్ పైనుంచి లావు తీగ అడుగు దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి రాయండి. సన్న తీగ దగ్గర కూడా. తీగలు ఏ గేజివి, అంటే ఎంత మందానివి, వేశారు?

కీళ్ళగోల (కొత్తపేట, గుంటూరు)
జనవరి 25, ఉదయం 7.20

నేను ఫిజియోథెరపిస్టుని. ఇంటర్లో నాలుగు కార్డులు నేర్చుకుని ఆపేసినదాన్ని కూడా. పాతతీగ గారూ, ఇక్కడ కూర్చుని జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు. కానీ కొన్ని అడుగుతాను. పొద్దున లేచాక వేళ్ళు బిగుసుకుపోయి ఉంటున్నాయా, ఉంటే ఎంతసేపు? రాత్రి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? ఏ వేలైనా ముడిచాక టక్కుమని ఇరుక్కుంటోందా? షుగర్, థైరాయిడ్ ఉన్నాయా? ఇంకొకటి, డ్యూటీకి దేనిమీద వెళ్తారు?

కుర్రగిటార్, క్వయర్అన్న, మీకు తర్వాత చెప్తాను.

పాతతీగ
జనవరి 25, రాత్రి 8.15

మావయ్య గారూ, లావు తీగ దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర మూడున్నర. తీగలు 12 గేజి, స్టీలు. అప్పట్లో కూడా అవే వేసేవాణ్ణి.

ఫిజియో మేడమ్ గారూ, పొద్దున పది నిమిషాలు బిగుతుగా ఉంటోంది, తర్వాత సర్దుకుంటోంది. రాత్రి తిమ్మిరి లేదు. వేలు ఇరుక్కోవడం లేదు. షుగర్ ఆరేళ్ళుగా ఉంది, మాత్రలు వాడుతున్నాను. డ్యూటీకి బైకు మీద. కానీ బైకుకీ గిటార్‌కీ ఏం సంబంధమో అర్థం కాలేదు.

కీళ్ళగోల
జనవరి 25, రాత్రి 9.50

సంబంధం క్లచ్చి. ఆటోనగర్ నుంచి సత్యనారాయణపురం దాకా సాయంత్రం ఆరింటికి ఎన్నిసార్లు క్లచ్చి పట్టుకుని వదులుతారో రేపు లెక్కపెట్టండి. బెంజ్ సర్కిల్ దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది, నాదే పూచీ. అదే ఎడమచెయ్యి. ఇంటికొచ్చి అదే చేత్తో ఫోను పట్టుకుని బొటనవేలితో తోస్తారు. ఆ తర్వాత గిటార్ మెడ పిసుకుతారు. నేరం గిటార్ మీద పడుతుంది, ఎందుకంటే ఆ రోజు చివరగా ముట్టుకున్నది దాన్నే.

మా పాఠాల్లో ఒక లెక్క చెప్తారు. బొటనవేలి కొసతో కిలో బలం పెట్టి నొక్కితే, ఆ వేలి మొదట్లో ఉన్న కీలు మీద పడేది సుమారు 12 కిలోలు. చిన్న కీలు అది, జీను మీద కూర్చున్నట్టు ఒక ఎముక మీద ఇంకో ఎముక కూర్చుని ఉంటుంది. యాభై దాటాక అక్కడ అరుగుదల రావడం మామూలే. పచ్చడి సీసా మూత, తాళంచెవి, తడిబట్ట పిండటం, ఇవన్నీ ఆ కీలుకే నొప్పి. మీది అదే కావచ్చు, అక్కడే పక్కనుంచి పోయే నరాల వాపు కూడా కావచ్చు. నరాలంటే నేను చెప్తున్నది కండని ఎముకకి కట్టే తాళ్ళని. పొద్దస్తమానం పిల్లల్ని ఎత్తుకునే తల్లులకి వస్తుందే, ఆ నొప్పి. రెంటికీ వైద్యం వేరు, అందుకే ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించండి. ఆసుపత్రులుండే సూర్యారావుపేట మీ పక్కనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు.

రెండు విషయాలు మాత్రం ఆగకూడనివి. పొద్దున బిగుతు గంట దాకా ఉండి, రెండు చేతుల కణుపులూ వాస్తే కీళ్ళవాతం రక్తపరీక్షలు చేయించుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రుళ్ళు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం నలుగుతోందని అనుమానించాలి. ఆ నరం నిజం నరమే. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ.

డాక్టరుని కలిసేదాకా బార్ కార్డులు వద్దు. మొత్తం మానేయమని అనడం లేదు.

రిపేరుమావయ్య
జనవరి 26, ఉదయం 7.05

నాలుగున్నరా! దాన్ని గిటార్ అనరు బాబూ, విల్లు అంటారు.

లావు తీగ దగ్గర రెండున్నర, సన్న తీగ దగ్గర రెండుకి లోపు ఉండాలి. ఎత్తు అంత ఉంటే ప్రతి కార్డుకీ రెట్టింపు నొక్కుతున్నారు. పైగా మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ చివర తీగలు ఆనే నట్ అనే ముక్కలో గాడులు పైకి ఉంటే ఎఫ్ ఎవరికీ రాదు, పాతికేళ్ళ కుర్రాడికి కూడా. చూసుకోవడం తేలికే. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకోండి. అప్పుడు మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య కాగితం మందం సందు ఉంటే చాలు. అగ్గిపుల్ల దూరితే నట్ తప్పు, మీ వేలి తప్పు కాదు.

12 గేజి స్టీలు సెట్టు మొత్తం మీద మెడని లాగే బలం 70 కిలోల పైమాటే. 10 గేజి అయితే 60 చిల్లర. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే 40 దరిదాపుల్లో. తేడా మీరే చూడండి. పట్టుకొచ్చి చూపించండి, చూసినందుకు డబ్బులు తీసుకోను.

తీపిమనిషి (పటమట)
జనవరి 26, మధ్యాహ్నం 2.12

షుగర్ అన్నారు కాబట్టి నా సంగతి చెప్తాను. నాకు 61, కీబోర్డు వాయిస్తాను. పోయినేడాది ఉంగరపు వేలు ముడిస్తే తెరుచుకునేది కాదు, రెండో చేత్తో లాగితే టక్‌మని వచ్చేది. దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారని తర్వాత తెలిసింది. ముందు మా వీధిలో ఒకాయన దగ్గరికి వెళ్ళాను, పేరు లేని మాత్రలు పొట్లం కట్టిచ్చాడు. రెండ్రోజుల్లో చెయ్యి బ్రహ్మాండంగా ఉంది, షుగర్ మాత్రం ఆకాశాన్నంటింది. స్టిరాయిడ్ అని అసలు డాక్టరు చూసి చెప్పారు.

ఆయన కూడా చివరికి వేలి మొదట్లో స్టిరాయిడ్ ఇంజెక్షనే ఇచ్చారు, కానీ ఒక్కసారి, చెప్పి ఇచ్చారు. వారం పాటు షుగర్ రోజూ చూసుకోమన్నారు, నిజంగానే నాలుగైదు రోజులు పెరిగి దిగింది. వేలు బాగైంది. పొట్లం మందుల జోలికి పోవద్దని చెప్పడానికే ఇదంతా.

వీణమ్మ (బ్రాడీపేట, గుంటూరు)
జనవరి 26, సాయంత్రం 5.40

నాకు గిటార్ రాదు. నలభై ఏళ్ళుగా వీణ చెప్తున్నాను. నాది నూజివీడు వీణ, నాకంటే మొండిది. తీగ నొక్కే వేళ్ళ బాధ మా ఇంటి బాధే కాబట్టి రాస్తున్నాను.

వీణకి బొటనవేలితో పిసకడం అనేదే లేదు బాబూ. చూపుడువేలు, మధ్యవేలు మెట్టు మీద ఆనతాయి, నొక్కేది చేతి బరువు. మీరు ఒకసారి బొటనవేలు పూర్తిగా తీసేసి వాయించి చూడండి. కుడి ముంజేయితో గిటార్ పొట్టని మీ వైపు ఆనించి, ఎడమచేతిని భుజం నుంచి వెనక్కి వాలనివ్వండి. తీగ పలుకుతుంది. అలా పలికినప్పుడు, ఇన్నాళ్ళూ బొటనవేలు చేసిన పనిలో సగం అనవసరమని మీకే తెలుస్తుంది. తర్వాత వేలు మళ్ళీ పెట్టుకోండి, కానీ గోడకి ఆనుకున్నట్టు ఉండాలి, గోడని తోస్తున్నట్టు కాదు.

పిల్లలకి నేను చెప్పేది ఇంకొకటి ఉంది. స్వరం గరగరలాడేంత తేలిగ్గా నొక్కడం మొదలుపెట్టి, గరగర పోయే దాకా మెల్లగా బలం పెంచండి. అక్కడ ఆగండి. దాని మీద పెట్టే ప్రతి చిటికెడూ దండగ.

వేడినీళ్ళలో వేళ్ళు ముంచి వాయించమని ఎవరైనా చెప్తే వినకండి. కాయలు కాచిన చోట మెత్తబడి తీగ కోసేస్తుంది.

కీళ్ళగోల
జనవరి 26, రాత్రి 9.02

అమ్మా, వేడినీళ్ళు నేనే చెప్పబోయాను, బతికించారు! సరిచేస్తున్నాను. వేడినీళ్ళలో తడిపి పిండిన తువ్వాలు మణికట్టుకీ బొటనవేలి మొదటికీ ఐదు నిమిషాలు చుట్టండి, వేళ్ళ కొసలు బయటే ఉంచండి. వేళ్ళ కొసల నొప్పి చర్మానిది, రెండు మూడు వారాల్లో కాయలు కాస్తే పోతుంది. కీలు నొప్పికి కాయ కాయదు. ఈ రెండు నొప్పుల్నీ ఒకే గాటన కట్టేయడం వల్లే "నొప్పి వస్తేనే ప్రాక్టీసు" అనే మాట పుట్టింది.

కుర్రగిటార్, జాంగో సంగతి. అతని వేళ్ళు కాలాయి నిజమే. కానీ అతను నొప్పిని తొక్కుకుంటూ పాత పద్ధతిలోనే వాయించలేదు, వాయించే పద్ధతే మార్చుకున్నాడు. అయోమీ సన్నటి తీగలు వేశాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. నువ్వు చెప్పిన ఇద్దరూ నా వైపు సాక్షులే.

కుర్రగిటార్
జనవరి 26, రాత్రి 9.20

అక్కా, ఓడిపోయాను. 😅

క్వయర్అన్న
జనవరి 26, రాత్రి 9.44

పుస్తకాల మాటలు ఎన్నైనా చెప్పొచ్చు. స్టేజి మీద మూడు గంటలు నిలబడితే తెలుస్తుంది. మా పెద్దలెవరూ ఇంత సుకుమారంగా లేరు.

బ్రాడీపేటబాస్ (గుంటూరు)
జనవరి 26, రాత్రి 10.15

మీ పెద్దల్లో నేనూ ఒకణ్ణి బాబూ, నాకు 68. ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించాను. సుకుమారంగా లేనందుకే ఇప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాను. ఇంక మాట్లాడను.

మోడరేటర్
జనవరి 27, ఉదయం 8.00

వాదన బాగుంది, వ్యక్తుల మీదకి వెళ్ళకుండా సాగనివ్వండి. మందుల పేర్లు, డోసులు రాయకండి.

క్వయర్అన్న
ఫిబ్రవరి 12, రాత్రి 11.08

ఉత్సవాలు నిన్నటితో అయిపోయాయి. 9, 10, 11 మూడు రోజులూ వాయించాను. జనం ఎప్పటిలాగే కొండ నిండా. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. ఎడమ చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారిపోయి ఉన్నాయి. రెండో రోజు రాత్రి మొదలైంది, ఇంకా తగ్గలేదు. మేడమ్ గారూ, ఇది కూడా మణికట్టేనా?

కీళ్ళగోల
ఫిబ్రవరి 13, ఉదయం 6.35

చిటికెన వేలు అంటే ఎక్కువసార్లు మోచేతి దగ్గర. మోచెయ్యి దేనికైనా తగిలితే జివ్వుమంటుంది చూడండి, ఆ నరం. మోచెయ్యి గంటల తరబడి ముడిచి ఉంచితే అది సాగి నలుగుతుంది. స్టేజి మీద గిటార్ ఎంత కిందకి వేలాడదీస్తారు, రాత్రి చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని పడుకుంటారా, చూసుకోండి. రాత్రి మోచేతికి తువ్వాలు చుట్టుకుంటే అది పూర్తిగా ముడుచుకోదు. వారంలో తగ్గకపోయినా, పట్టు జారుతున్నా న్యూరాలజీ డాక్టరు దగ్గర నరాల టెస్టు చేయించుకోండి. బామ్ రాయకండి, దానికి పని లేదు ఇక్కడ.

పెద్దమనసుతో రాశారు, థాంక్స్.

పాతతీగ
ఫిబ్రవరి 16, రాత్రి 9.30

ఆలస్యానికి క్షమించాలి. ఎక్స్‌రే తీయించాను. బొటనవేలి మొదటి కీలు అరుగుదల, మొదటి దశ అన్నారు. ఇంజెక్షన్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. రాసుకోవడానికి జెల్, డ్యూటీలో బొటనవేలికి పెట్టుకోవడానికి పట్టీ ఇచ్చారు. "గిటార్ వాయించొచ్చా" అని అడిగితే డాక్టరు గారు నవ్వి, "వాయించండి, కానీ యుద్ధం చేయొద్దు" అన్నారు.

క్లచ్చి లెక్కపెట్టాను మేడమ్. రామవరప్పాడు రింగు దాటకముందే వంద దాటింది, ఆపేశాను. అబ్బాయి గేర్లులేని స్కూటర్ నాకిచ్చి నా బైకు వాడు తీసుకున్నాడు. వాడికి ముప్పై ఏళ్ళ తర్వాత ఇదే సమస్య వస్తే ఇక్కడికే పంపిస్తాను.

పట్టు పెరుగుతుందని వాడే ఒక స్ప్రింగు గ్రిప్పరు, ఒక రబ్బరు బంతి కొనిచ్చాడు. రోజూ వంద సార్లు పిసుకుతున్నాను. కరెక్టేనా?

కీళ్ళగోల
ఫిబ్రవరి 16, రాత్రి 9.41

రెండూ పక్కింటి పిల్లలకిచ్చేయండి! ఆ కీలుకి పిసకడమే శత్రువు, మీరు రోజూ వందసార్లు ఆహ్వానిస్తున్నారు.

మీకు కావలసింది వేలు బయటికి తెరిచే బలం. పెద్ద గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి గుండ్రంగా తెరిచి ఐదు లెక్కపెట్టి వదలండి. చూపుడువేలికి రబ్బరు బ్యాండు వేసి, ఆ వేలిని బొటనవేలి వైపుకి పక్కకి లాగండి. ఆ రెండు వేళ్ళ మధ్య ఉబ్బెత్తు కండ గట్టిపడితే కీలు జారకుండా అదే కాపలా కాస్తుంది. పదేసిసార్లు చాలు. గిటార్ పదిహేను నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు చేతులు వేలాడేసుకుని తిరగండి. వాయించిన మర్నాడు పొద్దున నొప్పి ముందురోజు కంటే ఎక్కువుంటే అతి చేశారని లెక్క. ఆ రోజుకి సగానికి తగ్గించండి.

మిర్చియార్డు (గుంటూరు)
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1.25

మా ఊరి సరుకు గురించి ఎవరూ మాట్లాడటం లేదేం? మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌తో కీళ్ళనొప్పులకి క్రీము అమ్ముతారు, మా ఇంట్లో అమ్మ మోకాళ్ళకి వాడుతుంది. అలా అని ఇంట్లో కారం నూరి పూసుకోకండి, చర్మం ఊడుతుంది. నాకు తెలిసి చేసినవాళ్ళున్నారు.

కీళ్ళగోల
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1.58

నిజమే, ఉంది. మొదటి వారం మంట, రోజూ వాడితేనే పని చేస్తుంది. కానీ చేతులకి రాసుకునేవాళ్ళకి ఒక ప్రమాదం. రాసుకున్న చేత్తో గిటార్ వాయిస్తే తీగలకి అంటుతుంది, రేపు ఆ తీగలు ముట్టుకుని కన్ను నలుపుకుంటే సూర్యారావుపేటలో ఈసారి కంటి డాక్టరుని వెతుక్కోవాలి. డాక్టరు గారిచ్చిన జెల్ ఉండగా మీకిది అక్కర్లేదు.

కుర్రగిటార్
ఫిబ్రవరి 18, రాత్రి 11.30

అంకుల్, నా మొదటి పోస్టుకి సారీ. పరిహారంగా ఒక ట్రిక్కు. ఆరు తీగలూ ఒక్కో స్వరం కిందకి దించి శ్రుతి చేయండి, అంటే ఈ (E) తీగ డీ (D)కి. రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. పలికేది మామూలు శ్రుతే, పాత కార్డులే. కానీ తీగల బిగువు అయిదో వంతు తగ్గుతుంది, ఫ్రెట్ల మధ్య దూరం కూడా తగ్గుతుంది. కేపో పెట్టాక నట్ ఎత్తు గొడవ కూడా ఉండదు. ఎఫ్‌కి పూర్తి బార్ వద్దు, కింది నాలుగు తీగలు చాలు. సన్నతీగని వదిలేస్తే ఎఫ్ మేజర్ సెవెన్ అవుతుంది. ఇళయరాజా పాటలకైతే అదే ఇంకా బాగుంటుంది (నా అభిప్రాయం, కొట్టొద్దు).

పాతతీగ
మార్చి 9, రాత్రి 9.15

గిటార్‌ని మావయ్య గారి దగ్గరికి తీసుకెళ్ళాను. వన్ టౌన్ సందులో ఆయన షాపు దొరకడానికి గంట, గిటార్ చూడడానికి నిమిషం పట్టింది. కన్ను మూసి మెడ వెంట చూసి, "అరటికాయలా వంగింది" అన్నారు. అది కలకత్తా సరుకు, మెడలో ఇనుప రాడ్డు లేదు. ఇంకా దించడానికి శాడిల్‌లో (గిటార్ పొట్ట మీద తీగలు ఆనే ముక్క) ఎముక మిగల్లేదట. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర రెండు అరగదీయాలని చూపించారు. దాన్ని బాగు చేయించే ఖర్చుతో కొత్తది వస్తుందని ఆయనే చెప్పారు. వ్యాపారం పోగొట్టుకునే మాట చెప్పిన షాపాయన్ని ఈ మధ్య చూడలేదు.

ఒక నైలాన్ తీగల గిటార్ కొన్నాను. మెడ వెడల్పు 52 మిల్లీమీటర్లు, మొదట్లో పలక మీద వాయిస్తున్నట్టు ఉంది. స్టీలు గిటార్‌కి 43 అలవాటైన చెయ్యి. కానీ నొక్కడం వెన్నలా ఉంది. ఎడమకాలి కింద పీట వేసుకుని, మెడ పైకెత్తి పట్టుకుంటే మణికట్టు వంగడం లేదు. ఆర్కెస్ట్రాలో మేం ఈ పీట వేసుకునే క్లాసికల్ వాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళం.

రోజుకి మూడు విడతలు, పదిహేనేసి నిమిషాలు. వీణమ్మ గారు చెప్పినట్టు బొటనవేలు లేకుండా మొదటి విడత. అలవాటు అంత తేలిగ్గా పోవడం లేదు. పాట మధ్యలో టెన్షన్ పడే చోటు వచ్చేసరికి వేలు తనంతట తనే పిసికేస్తోంది, ముఖ్యంగా కార్డు మారే ముందు. నొప్పి పోలేదు, తగ్గింది. పచ్చడి సీసా ఇంకా అబ్బాయే తీస్తున్నాడు.

పాత గిటార్ ఏం చేయాలో తోచడం లేదు. మా ఆవిడ మళ్ళీ భోగిమంట అంటోంది.

బ్రాడీపేటబాస్
మార్చి 10, ఉదయం 10.20

పారేయకండి. మా చిన్నప్పుడు గిటార్ అంటే సగం మందికి హవాయన్ గిటారే. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించేవాళ్ళు. హిందుస్తానీలో బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆ దారి వేశారు, విశ్వమోహన్ భట్ దాన్ని మోహన వీణ చేసి 1994లో గ్రామీ తెచ్చారు. తీగని ఫ్రెట్‌కి నొక్కే పనే లేదు. దానికి తీగ ఎత్తుగానే ఉండాలి, లేకపోతే కడ్డీ ఫ్రెట్లకి తగులుతుంది. మీ గిటార్ జబ్బే అక్కడ దాని అర్హత.

రిపేరుమావయ్య
మార్చి 10, మధ్యాహ్నం 12.40

నా నోటి దగ్గరి మాట లాక్కున్నారు బాస్ గారు. నట్ మీద తొడిగే ఇనుప ముక్క ఒకటి ఉంటుంది, తీగల్ని ఆ చివర కూడా పైకి ఎత్తుతుంది. దానితో పని అయిపోతుంది. శ్రుతి మాత్రం ఓపెన్ డీ (ఏ తీగా నొక్కకుండానే డీ మేజర్ కార్డు పలికే శ్రుతి) పెట్టుకోండి. ఆ మెడ పాత బిగువు మోయలేదు, ఓపెన్ డీలో కొన్ని తీగలు దిగుతాయే గానీ ఏదీ ఎక్కదు.

కీళ్ళగోల
మార్చి 10, రాత్రి 8.55

ఆలోచన నచ్చింది, కానీ కడ్డీ కూడా బొటనవేలితోనే పట్టుకోవాలి. కడ్డీ బరువే తీగని ఆనాలి, మీరు నొక్కకూడదు. పక్కల గాడి ఉన్న కడ్డీ దొరికితే పట్టు తేలిక. మొదటి వారం ఐదు నిమిషాలకి మించొద్దు, మర్నాటి పొద్దుటి లెక్క మర్చిపోవద్దు.

వీణమ్మ
మార్చి 11, ఉదయం 6.10

జార్చి వాయించేదైతే గమకం పలుకుతుంది. మోహన రాగంతో మొదలుపెట్టండి బాబూ, ఐదే స్వరాలు. కష్టమైతే అడగండి.

క్వయర్అన్న
ఏప్రిల్ 20, రాత్రి 10.02

నరాల టెస్టు చేయించాను. మోచేతి దగ్గరే, మేడమ్ గారు చెప్పినట్టే. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. స్ట్రాప్ నాలుగు అంగుళాలు పైకి కట్టుకున్నాను, క్వయర్లో కుర్రాళ్ళు నవ్వుతున్నారు. ఈస్టరుకి గంటకోసారి వేరేవాళ్ళకి గిటార్ ఇచ్చాను. మొద్దుబారడం చాలావరకు పోయింది. జనవరిలో నేను రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది.

పాతతీగ
మే 25, రాత్రి 8.40

రోహిణి కార్తె మొదలైంది, బయట పిట్ట ఎగరడం లేదు. మావయ్య గారు ముందే హెచ్చరించారు కాబట్టి రెండు గిటార్లూ అటక మీద కాదు, హాల్లో మంచం కింద. కారు డిక్కీలో పెడితే ఈ ఎండకి జిగురు కరిగి తీగలు కట్టే బ్రిడ్జి లేచిపోతుందట.

నైలాన్ గిటార్ మీద పాత పాటలు పదకొండు వస్తున్నాయి. ఎఫ్ బార్ రాలేదు. దాని మీద ఆశ వదిలేశాను, నాలుగు తీగల ఎఫ్‌తో సరిపెట్టుకున్నాను, విన్నవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. పాత గిటార్ ఒళ్ళో పడుకుని మోహన వాయిస్తోంది. గాంధారం దగ్గర కొంచెం తక్కువ పడుతోందని వీణమ్మ గారు ఫోన్లో విని చెప్పారు, ఇంకా సరిగ్గా రావడం లేదు. సాయంత్రం కరెంటు పోయినప్పుడు వరండాలో కూర్చుని వాయిస్తుంటే మా ఆవిడ విసనకర్రతో వచ్చి పక్కన కూర్చుంది. ఆమె వచ్చింది నా సంగీతం కోసమా, వరండాలో గాలి కోసమా అని నేను అడగలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి మా ఇంటి డాబా మీద కలుద్దామా? బాస్ గారూ, మీరు బస్సెక్కితే నేను స్కూటర్ మీద స్టాండుకి వస్తాను. గేర్లు లేనిదే.

బ్రాడీపేటబాస్
మే 25, రాత్రి 9.05

వస్తాను. వాయించలేను, తాళం వేస్తాను.

కుర్రగిటార్
మే 25, రాత్రి 9.06

నేను రెండు కేపోలు తెస్తున్నా అంకుల్. డాబా మీద ఫ్యాను ఉందా?

పాతతీగ
మే 25, రాత్రి 9.31

టేబుల్ ఫ్యాను ఉంది. మజ్జిగ ఉంటుంది. పచ్చడి సీసా మూత మాత్రం మీలో ఎవరైనా తీయాలి.